ఏడో నంబరు ఒప్పుకోలేదు

స్టోరు సూర్యారావుగారికి ఈ లోకంలో ఫోటో మీద తప్ప మరి దేనిమీదా నమ్మకం లేదు. మెదడు పరిశోధన సంస్థ నుంచి బయటికి వెళ్ళిన కంప్యూటరు మళ్ళీ స్టోరు గడప తొక్కాలంటే దాని తెరమీద సంస్థ ముద్ర వాల్‌పేపరుగా కనబడాలి. దాన్ని ఫోటో తీసి కాగితానికి అంటించాలి. అప్పుడే ఆయన సంతకం. ఆ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎందుకు పెట్టారో సూర్యారావుగారికే తెలియదు.

"ముద్ర లేకపోతే అది మన కంప్యూటరేనని గ్యారంటీ ఏంటమ్మా?" అన్నాడాయన.

"వెనకాల నంబరు చెక్కి ఉందిగా సార్."

"నంబరు ఎవడైనా చెక్కుతాడు. ముద్ర పెట్టి పట్రా."

ఎస్తేరు ఇక వాదించలేదు. సంస్థలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో తొమ్మిదేళ్ళుగా ఉంది కాబట్టి ఎవరితో వాదించాలో, ఎవరితో తలూపి వచ్చెయ్యాలో ఆమెకి బాగా తెలుసు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మాడుపగిలే ఎండలో కాకినాడలో రామచంద్రపురం బస్సెక్కింది. వెళ్ళేది ఒక వాల్‌పేపరు మార్చడానికి. ఇంటి దగ్గర ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

నూకరాజు ఇల్లు మార్కెట్టు వెనక సందులో ఉంది. ఆయన పెళ్ళిళ్ళకి వంటమేస్త్రీ. చుట్టుపక్కల పదిహేను ఊళ్ళలో ఆయన వండిన బూరె తినకుండా పెళ్ళయినవాళ్ళు తక్కువ. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళి పందిరి వెనక, పప్పు గంగాళం పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పట్నుంచి మంచమే. కళ్ళు తెరిచే ఉంటాయి, రెప్పలు వాటంతట అవే ఆడుతుంటాయి, ముక్కు గొట్టంలోంచి జావ వెళుతుంది. అంతకు మించి లోపల మనిషి లేడన్నారు.

ఉన్నాడో లేడో తేల్చడానికే సంస్థ వాళ్ళు ఒక పట్టీ కనిపెట్టారు. వేలెడంత ఉంటుంది, తల చర్మం కింద పెడతారు. చెయ్యి కదపలేని మనిషైనా కదపాలని మనసులో అనుకుంటే చాలు, ఆ అనుకోవడం పట్టీకి వినబడుతుంది. కుడి పిడికిలి బిగించాలనుకుంటే అవును. ఎడమ పిడికిలి అయితే కాదు. మంచానికి ఎదురుగా బల్లమీద ఉన్న కంప్యూటరు రోజూ పొద్దున పదింటికి ముప్పై ప్రశ్నలు అడిగేది. మీ పేరు నూకరాజా? మీరు ఇప్పుడు విజయవాడలో ఉన్నారా? పధ్నాలుగు నెలలు అడిగింది. ముప్పైకి ముప్పై "కాదు" వచ్చిన రోజులున్నాయి. పేరు నూకరాజు కాదు, ఊరు రామచంద్రపురం కాదు, మగవాడూ కాదు. ఎప్పుడూ ఒకేలా వచ్చేది జవాబు కాదు, ఉత్త చప్పుడు అని పరిశోధన పెద్ద డాక్టరు విశ్వంభరంగారు రాసేశారు. రేపు పదింటికి బండి వస్తుంది, నూకరాజుని తీసుకెళ్ళి పట్టీ తీసేస్తారు. ఒకసారి తీశాక ఆ చోట మళ్ళీ పెట్టడానికి కుదరదు.

"రామ్మా ఎస్తేరూ, ఎండనపడి వచ్చావు. మజ్జిగ ఇమ్మంటావా?" అంది నూకరాజు భార్య వీరవేణి.

"ముందు పని కానివ్వండి పిన్నిగారూ. ఈ పెట్టె రేపటికి స్టోరు చేరాలండి."

"చేరితే నాకూ పీడా పోద్ది. పధ్నాలుగు నెలల్నించీ మంచంలో మనిషి ముందు ఖాళీ గ్లాసు! ఎవరికైనా శుభమా చెప్పు?"

తెరమీద ఉన్నది నిజంగానే ఖాళీ స్టీలు గ్లాసు. తెల్లబల్ల మీద గ్లాసు. ప్రయోగశాలలో తెర పరీక్ష కోసం తీసిన బొమ్మ, అదే అలాగే వచ్చేసింది. దాన్ని తీసేసి సత్యనారాయణస్వామి ఫోటో పెట్టమని వీరవేణి మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఎస్తేరు వచ్చి స్వామిని పెట్టింది. మెట్లు దిగేలోపు గ్లాసు తిరిగొచ్చింది. రెండోసారి వచ్చి ప్రోగ్రాములన్నీ చెరిపి మళ్ళీ వేసింది. గ్లాసు గ్లాసే. మూడోసారి, అంటే రెండు నెలల కిందట, ఆమెకి ఒళ్ళు మండింది. ప్రతి అయిదు నిమిషాలకీ స్వామి ఫోటోని తెరమీదికి నెట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి పడేసి, ఎవరు గెలుస్తారో చూద్దామని వెళ్ళిపోయింది.

"నువ్వేం చేశావో గానీ, అప్పట్నించీ స్వామి వచ్చి ఎల్తన్నారు, గ్లాసొచ్చి కూచుంటంది. రోజంతా ఇదే. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగిపోతన్నాయి" అంది వీరవేణి.

ఎస్తేరు నవ్వింది. కుర్చీ లాక్కుని కూర్చుని, తను రాసిన ప్రోగ్రామును ఆపి, సంస్థ ముద్రను పెట్టింది. తొమ్మిది సెకన్లు ముద్ర నిలిచింది. తరవాత గ్లాసు. కింద ఒక చిన్న వాక్యం వచ్చింది: "ఈ మార్పు చేసే అధికారం మీకు లేదు. నిర్వాహకుణ్ణి అడగండి."

"నిర్వాహకురాలిని నేనే కదా నాయనా!" అంది కంప్యూటరుతో.

ఆ వాక్యం ఆమెకి కొత్త కాదు. వచ్చిన మూడుసార్లూ చూసింది, మూడుసార్లూ విసుక్కుని మూసేసింది. ఈసారి సూర్యారావుగారి మొహం కళ్ళముందు ఆడుతోంది కాబట్టి, అసలు నిర్వాహకులెవరో చూద్దామని జాబితా తెరిచింది. రెండు పేర్లున్నాయి. ఒకటి తనది. రెండోది: పేషెంట్ ఏడు, అంటే నూకరాజు.

ఎవరో తప్పుగా ఎక్కించి ఉంటారనుకుంది. తీసేద్దామని నొక్కబోయి, ఎందుకు పెట్టారోనని పక్కనున్న పాత గమనిక చదివింది. మొదట్లో పనిచేసి మానేసిన ప్రోగ్రామరు రాసుకున్నది అది. రోగి ఎదురుగా ఉన్న తెరమీద ఏది మార్చినా ముందు రోగిని అడగాలని ప్రయోగాలకి అనుమతి ఇచ్చే నైతిక సంఘం వాళ్ళు పట్టుబట్టారు, అందుకని తెరకు సంబంధించిన ఏ మార్పుకైనా "మార్చమంటారా?" అని మూలన చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న కనబడుతుంది, పది సెకన్లలో రోగి నుంచి "కాదు" వస్తే మొదటి బొమ్మే తిరిగొస్తుంది. రాసినవాడు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ముప్పై ప్రశ్నల మీద అంతమంది శాస్త్రజ్ఞులు తలలు బద్దలుకొట్టుకున్నారు గానీ, ఈ ముప్పయ్యొకటో ప్రశ్న ఈ గదిలో అడుగుతున్నట్టు ఒక్కరికీ తెలియదు.

సరే, చప్పుడే కదా, అది ఇక్కడ కూడా తగులుతోందన్నమాట అనుకుంటూ తిరస్కారాల చిట్టా తెరిచింది. ఒక్కో వరసలో ఒక్కో సమయం. నాలుగూ అయిదు, నాలుగూ పది, నాలుగూ పదిహేను. తను రాసిన ప్రోగ్రాము అయిదు నిమిషాలకోసారి అడిగింది, అయిదు నిమిషాలకోసారి కాదని వచ్చింది. వేలితో కిందికి జరుపుతూ పోయింది. మధ్యాహ్నం ఒకటీ నలభై. ఆ తరవాత రెండూ నలభై అయిదు. మధ్యలో గంటసేపు ఏమీ లేదు. రాత్రి తొమ్మిదీ పది తరవాత మళ్ళీ ఏమీ లేదు, తెల్లవారి నాలుగూ అయిదు దాకా.

ముందురోజు చూసింది. అంతే. ఆ ముందురోజు. అంతే. వారం, నెల, రెండు నెలలు.

ఎస్తేరు చెయ్యి ఆగిపోయింది. యంత్రంలో లోపానికి నిద్ర ఉండదు. తొమ్మిదేళ్ళ సర్వీసులో మధ్యాహ్నం కునుకు తీసే లోపాన్ని ఆమె ఎక్కడా చూడలేదు.

"పిన్నిగారూ, బాబాయిగారు బాగున్నప్పుడు పొద్దున్నే ఎన్నింటికి లేచేవారండి?"

"నాలుగింటికి. పెళ్ళి వంటంటే నాలుగింటికి పొయ్యి ముట్టించాలి కదమ్మా. పని లేని రోజైనా లేచి కూచునేవారు, పాడలవాటు."

"మధ్యాహ్నం పడుకునేవారా?"

"బంతులు లేచాక ఓ గంట నడుం వాల్చేవారు. ఒకటిన్నర, రెండు అయ్యేసరికి. ఎందుకమ్మా?"

ఎస్తేరు మళ్ళీ తెర వైపు తిరిగింది. చిట్టా అడుగున మొత్తం లెక్క ఉంది: పన్నెండు వేల మూడు వందల పద్దెనిమిది. మేలుకుని ఉన్న ప్రతి అయిదు నిమిషాలకీ ఒకసారి, రెండు నెలలపాటు, ఒక మనిషి పిడికిలి బిగిస్తూనే ఉన్నాడు. ఆ పిడికిలిని విప్పడానికి తను ప్రోగ్రాము రాసింది. ఆమెకి ముందు భయం వేసింది, తరవాత ప్రాణం చచ్చేటంత సిగ్గు వేసింది. ఇప్పటికి నాలుగుసార్లు ఈ గదిలోకి వచ్చింది. నాలుగుసార్లూ తెర వంకే చూసింది గానీ మంచం వంక సరిగా చూడలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. నూకరాజు కళ్ళు ఎప్పటిలాగే తెర మీద ఉన్నాయి.

ప్రయోగశాలలో విశ్వంభరంగారు ఆఖరి నివేదిక రాస్తున్నారు. బల్ల నిండా ఫైళ్ళు, పక్కన చల్లారిన టీ. పధ్నాలుగు నెలల పని మూటకట్టేస్తున్న మనిషికి వాల్‌పేపరు గురించి వీడియో ఫోను వస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆయన మొహం.

"అన్నిటికీ కాదన్నది దీనికీ కాదంది. అందులో వింతేముందమ్మా? అది చప్పుడు."

"చప్పుడు మధ్యాహ్నం పూట పడుకుంటుందా సార్?"

"ఏమిటీ?"

ఎస్తేరు చిట్టాను ఫోనుకి చూపించింది. ఒక్కో రోజూ, ఒక్కో గంటా జరిపి చూపించింది. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

"మేలుకుని ఉన్నాడు" అన్నారాయన, తనలో తను అనుకుంటున్నట్టు. "మరి ముప్పై ప్రశ్నలకీ కాదనే ఎందుకొచ్చింది? పేరడిగితే కూడా కాదంటాడా? ఎస్తేరూ, ఆయనది ఏ చేతివాటం? ఫారంలో కుడి అనే ఉంది."

ఎస్తేరు తలెత్తి చూసేసరికి వీరవేణి మొహంలో నెత్తురుచుక్క లేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎడంచెయ్యేనమ్మా" అంది. "పుట్టుకతో ఎడంచెయ్యే. గరిట తిప్పినా, పూర్ణం చుట్టినా అన్నీ దాంతోనే. పందిరి వెనక గుడ్డ కట్టించి ఆ చాటున వండేవారు. పెళ్ళివారు ఎవరైనా లోపలికి తొంగిచూస్తే చటుక్కున గరిట కుడిచేతిలోకి మార్చేసేవారు. ఎడంచేత్తో కలిపిన పులిహోరంటే బంతిలోంచి లేచిపోరూ? ఎడంచేతి మేస్త్రీని శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? ముప్పయ్యేళ్ళు మేమిద్దరమే దాచుకున్నాం. కాయితంలో చేతివాటం అని ఉంటే, అలవాటుగా కుడి అని రాసేశాను. వంట కోసం అడుగుతున్నారా ఏంటి అని కూడా తోచలేదమ్మా నాకు!"

ఫోనులో డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"పట్టీని కుడిచేతివాటం లెక్కన సర్దాం. ఎడమవాళ్ళకి అలా సర్దితే ఆయన ఏమనుకున్నా మనకి ఎడమ పిడికిలే వినబడుతుంది. అవునన్నా కాదే, కాదన్నా కాదే. రోజూ జవాబు చెప్పాడమ్మా. ముప్పై ప్రశ్నలకీ జవాబు చెప్పాడు. మేం విన్నవాళ్ళమే కాదు."

అయితే ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క మీట అన్నమాట. గ్లాసు బొమ్మ మీద ఆయనకి ప్రేమా లేదు, స్వామి మీద కోపమూ లేదు. మార్చండి అని చెప్పినా, వద్దని చెప్పినా, నేనిక్కడున్నాను మహాప్రభో అని మొత్తుకున్నా, తెరమీద జరిగేది ఒక్కటే.

ఎస్తేరు మంచం దగ్గరకి వెళ్ళి నూకరాజు చెవి దగ్గర వంగింది.

"బాబాయిగారూ, నేను కంప్యూటరు అమ్మాయినండి. ఇప్పుడు మేం ఒక్కో మాట అడుగుతాం. అవునైతే ఎప్పటిలాగే బిగించండి, గ్లాసు వస్తుంది. కాకపోతే ఊరుకోండి. మీ పేరు నూకరాజేనాండి?"

వెళ్ళి ముద్ర పెట్టింది. మూడు సెకన్లలో గ్లాసు వచ్చింది.

"మీ పేరు అప్పలస్వామా?"

ముద్ర పెట్టింది. పది సెకన్లు గడిచాయి. ముద్ర అలాగే ఉంది. నిమిషం గడిచింది, అలాగే ఉంది. పధ్నాలుగు నెలల్లో ఆయన మేలుకుని ఉండగా ఆ తెరమీద ఇంకో బొమ్మ నిలవడం అదే మొదటిసారి.

ఎస్తేరు గ్లాసును మళ్ళీ తెరమీద పెట్టి సర్దింది.

"ఆయనకీ మీకూ తప్ప ఎవరికీ తెలియనిది ఒకటి అడగండమ్మా. అది కూడా అయితే ఇక అనుమానం ఉండదు" అన్నారు డాక్టరుగారు.

వీరవేణి మంచం పక్క కుర్చీలో కూలబడింది. ఆమె వణుకు ఎస్తేరుకి కనబడుతూనే ఉంది. ఆమెను వణికిస్తున్నది సంతోషం కాదు. రెండేళ్ళుగా ఈ గదిలో, ఈ కుర్చీలో కూచుని, గోడతో మాట్లాడుకున్నట్టు తను మాట్లాడుకున్నవన్నీ ఆమెకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"ఏవండీ" అంది. "మీ గంగాళాలూ, మూకుళ్ళూ ఆ కొత్తపేట మేస్త్రీకి ఇచ్చేశాను. మీకు చెప్పలేదు. మోసుకెళ్తుంటే చప్పుడు మీకు వినబడిందా?"

ఎస్తేరు నొక్కింది. గ్లాసు వచ్చింది.

"మరి ముక్కోటి నాడు..." వీరవేణి ఆగింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసింది. "ముక్కోటి నాడు చెల్లితో ఫోనులో మాట్లాడతా ఒక మాటన్నాను. ఈ బతుకు బతికేకంటే మనిషి ఆ రోజే పోయినా బాగుణ్ణని. నోరారా అన్నాను. మీకు..."

ఆమె ఇంకా పూర్తిచెయ్యలేదు. ఎస్తేరు వేలు అప్పటికే మీట మీద పడింది. ముద్ర తెరమీద పూర్తిగా పరుచుకోకముందే గ్లాసు వచ్చేసింది.

వీరవేణి ఏడవలేదు. ఏడుపు కూడా రాలేదు ఆమెకి. భర్త ఎడంచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళ మీద పాత కాలిన మచ్చల్ని చూస్తూ కూచుంది. చాలాసేపటికి అడిగింది.

"నా మీద కోపంగా ఉందా?"

ఎస్తేరు ముద్ర పెట్టింది.

ముద్ర నిలబడింది. మూడు సెకన్లు, పది సెకన్లు, అరనిమిషం. సూర్యారావుగారు అడిగిన ఫోటో తీసుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు, కానీ ఎస్తేరుకి ఆ సంగతే తోచలేదు. రెండు నిమిషాలు అయ్యాయి.

"నిద్రపోయాడేమో. మళ్ళీ అడగండి" అన్నారు ఫోనులోంచి డాక్టరుగారు.

"వద్దు బాబుగారూ!" అంది వీరవేణి గాభరాగా. "మళ్ళీ అడిగితే మాట మారిపోద్దేమో. వద్దు."

ఆమె కళ్ళు తెరను వదలడం లేదు. ఎస్తేరు ఆమె వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది. మూడున్నర. కునుకు వేళ దాటిపోయింది. తనకి ఆ హక్కు ఉందో లేదో తెలియదు గానీ, ఈ ఇంటికి తను చేసిన దానికి ఈమాత్రమైనా చెయ్యాలనుకుంది. ముద్రను తీసి మళ్ళీ పెట్టి, గట్టిగా అడిగింది.

"బాబాయిగారూ, మెలకువగానే ఉన్నారాండి?"

గ్లాసు వెంటనే వచ్చింది.

అప్పుడు ఏడ్చింది వీరవేణి. భర్త చేతిలో మొహం పెట్టుకుని, వీధిలోకి వినబడేటట్టు ఏడ్చింది. పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి, ప్రాణం పోయిందనుకుని వాళ్ళూ ఏడవడం మొదలుపెట్టారు. బతికే ఉన్నారండీ అని వాళ్ళకి సర్దిచెప్పడానికి ఎస్తేరుకి పది నిమిషాలు పట్టింది.

జనం మంచం చుట్టూ మూగాక ఆమె ఫోను పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. రేపు బండి రాదని డాక్టరుగారు అప్పటికే చెప్పేశారు. పట్టీ తియ్యరు, లెక్కలన్నీ ఎడమకు తిరగేసి సర్దుతారు, నెలరోజుల్లో ఆయన చేత అక్షరాలు కూడా పలికించొచ్చు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఉత్సాహం ఉండాలి. లేదు.

"ఎస్తేరూ, ఫారాలు తీసి చూస్తున్నాను" అన్నారు. "ఈ ప్రయోగంలో పందొమ్మిది మంది. పందొమ్మిది ఫారాల్లోనూ కుడి అనే ఉంది. పదిమందికి ఒకరైనా ఎడమ ఉండాలి కదా. ఒక్కరూ లేరంటే నాకు అనుమానం రావద్దూ? రాలేదమ్మా."

ఫోనులో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"ఈ వాల్‌పేపరు మారడం లేదనే కంప్లయింటు ఇంకెవరి ఇంటి నుంచైనా వచ్చిందా?"

అరుగు మీద ఎండ కాళ్ళకి చురుక్కుమంటోంది. ఆమె పక్కకి జరగలేదు.

"వచ్చిందండి. తుని నుంచి పదకొండో నంబరు, హెడ్మాస్టరుగారు. మండపేట నుంచి పదహారు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు సార్."

"వాళ్ళిద్దరి పట్టీలూ పోయిన నెలలో తీసేశాం" అన్నారాయన. "ఆ కంప్లయింట్లు ఏం చేశావు?"

"బాగుచేశాను సార్" అంది ఎస్తేరు. "స్టోరులో కొత్త పెట్టెలు రెండే ఉంటే, చెరొకటీ ఇచ్చేశాను. అందులో ఆ అడిగే ప్రోగ్రాము లేదు. మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి కంప్లయింటు రాలేదు సార్."